పచ్చకర్పూరం బాగా కుదిరింది

జట్నీ, రైల్వే క్వార్టర్లు
ఆషాఢ పౌర్ణమి

వదినకి నిశామణి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అన్నయ్య కూడా క్షేమం. ఈ మాట చదివి నువ్వు ముఖం చిట్లించే ఉంటావు, ఆయన క్షేమం నాకు రాయడానికి ఈవిడెవరని. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన మా వరండాలో మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు మరి. చేతిలో సంచీ లేదు, భుజాన తువ్వాలు ఒకటే. "ఏమన్నయ్యా, ఇలా వచ్చావు" అంటే "చూసి పోదామని" అన్నాడు. పండగ రోజుల్లో కొట్టు వదిలి పక్క వీధికి కూడా పోని మిఠాయివాడు జట్నీ దాకా చూసిపోవడానికి వచ్చాడంటే నేను నమ్ముతానా. మావారు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించారు. వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. అడిగినదానికి "ఊఁ" అంటాడు, అడగనిదానికి అదీ లేదు.

జగన్నాథుడు పిన్నిగారింటి నుంచి తిరిగొచ్చి గుడి మెట్లెక్కింది మొన్న సాయంత్రమే కదా. మన వీధి గుడిలో, తనను వదిలి ఊరేగాడని అలిగిన లక్ష్మి తరఫున తలుపు వెనక నిలబడి స్వామిని నాలుగూ అనేది నువ్వే. ఈ ఏడాది మాటలు కాస్త ఎక్కువ పడ్డాయా ఏమిటి? స్వామికి తగలాల్సినవి పక్కన రసగుల్లాల కుండ పట్టుకుని నిలబడ్డవాడికి తగిలాయా? దాచకుండా రాయి వదినా. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆ లెక్కన సగం సంజాయిషీ నాకు రావాలి.

నా మేనకోడలు టికీని ముద్దాడానని చెప్పు.

నీ నిశా

•

పొలసర, మిఠాయి కొట్టు
ఆషాఢం, వాన

చిరంజీవి సౌభాగ్యవతి నిశామణికి కుంతళ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మనిషి ఎక్కడున్నాడో తెలిసింది, అదొక మేలు. నీ మేనకోడలు వాళ్ళ నాన్న కోసం బస్టాండు వైపు చూసి చూసి మెడ నొప్పి తెచ్చుకుంది.

సంజాయిషీ అడిగావు గనక జరిగింది రాస్తున్నాను. ఆ సాయంత్రం స్వామి రథం దిగాడు. అన్నగారూ చెల్లెలూ లోపలికి వెళ్ళిపోయారు. స్వామి మెట్ల మీద ఉండగా నేను తలుపు వేశాను. ఏటా అనే మాటలే అన్నాను. "చెల్లెల్ని రథమెక్కించుకుని ఊరేగావు, పెళ్ళాం గుర్తుకు రాలేదు, ఏ మొహం పెట్టుకుని వచ్చావు, వచ్చిన దారినే పో" అని. అటువైపు నుంచి స్వామి తరఫున పూజారి పండా "తప్పయింది తల్లీ, ఇవిగో చీరలు, ఇవిగో రసగుల్లాలు" అని బతిమాలాడు. ఇక తలుపు తియ్యడమే. అప్పుడు మన కుండ మీది ఆకు తీశారు.

తలుపు సందులోంచి నాకే కొట్టింది వాసన. పులిసిపోయిన ఛెనా. పాలు విరగ్గొట్టిన ముద్ద ఈ ఉక్కలో పూటకు మించి నిలవదని కొట్టు గుమ్మం ఊడ్చేవాడికి కూడా తెలుసు. పండా కుండ వెనక్కి నెట్టి "ఆర్తా, ఇది స్వామికి తెచ్చావా, గేదెకి తెచ్చావా" అన్నాడు. మీ అన్నయ్య కుండలోకి తొంగి చూసి "ఏమైంది, బాగానే ఉన్నాయిగా" అంటాడు. ఊరంతా ముక్కు మూసుకుంటే ఆయనొక్కడికే బాగున్నాయి. మామగారి నాటి నుంచి ఆ కుండ మన కొట్టు నుంచే వెళుతోంది నిశా. ఆ పూట ఎదురు కొట్టు కృపాసింధు కుండ తెస్తేనే గాని స్వామి లోపలికి రాలేకపోయాడు.

నేను అన్నాను, కాదనను. తలుపు వెనక నుంచి, లక్ష్మి గొంతుతోనే, "మొహాన ఉన్నది ముక్కేనా, మట్టితో చేసి అంటించుకున్నావా" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కుండ మెట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. తెల్లారి బస్సెక్కేశాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

రమ్మని నేను రాయను. ఈ ఆచారంలో అలిగే హక్కు లక్ష్మిది. స్వామిది బతిమాలే పని. మీ అన్నయ్యకి అది తిరగబడి అర్థమైనట్టుంది.

వదిన

•

జట్నీ
గమ్హా పున్నమి

వదినకి నమస్కారాలు.

పొద్దున అన్నయ్యకి రాఖీ కట్టాను. నువ్వు పక్కన లేకపోతే ఆయన నాకిచ్చే చీర రంగు ఎంత దరిద్రంగా ఉంటుందో తెలిసింది. తరువాత పిండివంట చేస్తూ "అన్నయ్యా, పాకం నువ్వు చూడు, నాకు తీగ కుదరదు" అని పిలిచాను. పొయ్యి వైపు చూడనైనా చూడలేదు. కాలవ గట్టుకు పోయి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి పక్కనే పెరిగిన మనిషి వదినా. నేను తీసిన పాకం గట్టిపడి అరిసెలు రాళ్ళయ్యాయి. మావారు తింటూ "రైలు పట్టాల కింద వెయ్యొచ్చు" అన్నారు.

ఆయన నీ మీద కోపంతో కూర్చోలేదు. ఈ మాట నమ్ము. కారణం వేరే ఉంది. అది నేను రాయకూడదు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటుంటావు కదా, ఈసారి నానుతోంది. మింగలేను, కక్కలేను.

నువ్వు ఒక్క కార్డు ముక్క రాయి చాలు. "రా" అని రాయి. పరుగున వస్తాడు.

నిశా

•

పొలసర
కుమార పున్నమి

నిశామణికి,

ఒట్టు వేశావు గనక అడగను.

దసరాకి కొట్టు నేనే నడిపాను. ఛెనాపోడ బాగానే కాలి వచ్చింది, అది పొయ్యి చేసే పని, నేను కాపలా కాస్తే చాలు. రసగుల్లాలే నా మాట వినవు. ఉండ చేసి పాకంలో వేస్తే సగం పగిలిపోతున్నాయి. ఛెనా పిసకడం మీ అన్నయ్య అరచేతికి వచ్చు, నాకు రాదు. పగిలినవి పాలల్లో వేసి పాయసమని అమ్మేస్తున్నాను. కొన్నవాళ్ళు నవ్వుకుంటూ తింటున్నారు.

ఈ సాయంత్రం టికీ కొత్త గౌను వేసుకుని పేలాలు, కొబ్బరి, దోసకాయ, బెల్లం కలిపి చందమామలా తీర్చి చంద్రుడికి పెట్టింది. ఆడపిల్లలు మంచి మొగుణ్ణి కోరుకునే పండగ కదా, "ఎలాంటి మొగుడు కావాలే" అని పక్కింటామె ఆటపట్టించింది. "చెప్పి వెళ్ళేవాడు" అంది. ఎవరూ నేర్పలేదు.

నీకు చెప్పాడు, నాకు చెప్పలేదు. అంతే కదా సంగతి. రథం మీద చోటు చెల్లెలికి, ఇంటి కాపలా పెళ్ళానికి. దేవుడింట్లోనే ఉన్న పద్ధతి, నేను కొత్తగా ఏడవడానికి ఏముంది.

కుంతళ

•

జట్నీ
దీపావళి వెళ్ళిన వారం

వదినకి,

ఎప్పుడూ "చిరంజీవి సౌభాగ్యవతి" అని మొదలుపెట్టేదానివి, ఈసారి ఉత్త నిశామణిని అయిపోయాను. కింద "వదిన" పోయి "కుంతళ" వచ్చింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నువ్వు కొత్తకోడలిగా వచ్చినప్పుడు నీ జడ నేనే వేసేదాన్ని. అన్నయ్య అలకకి నన్నెందుకు వేరు చేస్తావు?

ఇక్కడ మాకూ సుఖం లేదు. అన్నయ్య వారం నుంచి మంచం మీద ఉన్నాడు. పండగ మర్నాడు మిగిలిన పాయసం పాడైపోయింది. పక్కింటి పిల్లి కూడా దగ్గరకొచ్చి మూతి తిప్పుకుపోయింది. పారబోద్దామని గిన్నె గట్టు మీద పెట్టి నేను బిందె కోసం వెళ్ళి వచ్చేసరికి ఈయన తీరిగ్గా కూర్చుని గిన్నె నాకేశాడు. ఇక వాంతులు. డాక్టరు "ముసలివాడివా, చంటిపిల్లాడివా, చూసుకుని తినక్కర్లేదా" అని కేకలేశాడు. ఇప్పుడు తగ్గింది, జావ తాగుతున్నాడు. కంగారు పడకు.

నీ నిశా (నువ్వు ఎలా పిలిచినా)

•

పొలసర
మార్గశిరం, గురువారం

చిరంజీవి సౌభాగ్యవతి నిశామణికి మీ వదిన ఆశీస్సులు.

పెద్దదాన్ని, ఏదో అన్నాను. మనసులో పెట్టుకోకు. నువ్వు వేసిన జడ సంగతి నేను మరిచిపోలేదు, లాగి లాగి వేసేదానివి, సాయంత్రానికి తలనొప్పి వచ్చేది.

ఈవేళ లక్ష్మివారం. ఇల్లంతా ముగ్గులు పెట్టి, వడ్లు కొలిచే కుంచంలో అమ్మవారిని కూర్చోబెట్టి మండా కుడుములు ఆవిరికి పెట్టాను. మన ఊరి మాస్టారు రేపు పొద్దున్నే కటక్ వెళుతూ జట్నీలో దిగుతారట. ఈ డబ్బా ఆయన చేతికిస్తున్నాను. డబ్బాలో ఉన్నవి మీ అన్నయ్యకి మాత్రమే. నీకు తెలియనిది కాదు, ఈ ప్రసాదం గడప దాటకూడదు, అత్తారింటికి వెళ్ళిన ఆడపిల్లకి కూడా పెట్టకూడదు. పెడితే ఇంటి లక్ష్మి ఆ పిల్లతో వెళ్ళిపోతుందంటారు. ఇంటి యజమానే గడప అవతల కూర్చుంటే అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది, అందుకని పంపుతున్నాను. నీకు మండాలంటే ప్రాణమని తెలుసు. అయినా నువ్వూ పిల్లలూ ముట్టొద్దు. డబ్బా దగ్గర వాసన కూడా పీల్చకు, వాసన చూస్తే సగం తిన్నట్టే.

ఒక్క అనుమానం. లోపలి కొబ్బరి పూర్ణంలో పచ్చకర్పూరం చెయ్యి జారి కాస్త ఎక్కువ పడిందేమో. వచ్చే గురువారానికి సర్దుకోవాలి. ఎలా ఉందో ఆయన్ని అడిగి, ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాయి.

వదిన

•

జట్నీ
శుక్రవారం సాయంత్రం

వదినమ్మకి కోటి నమస్కారాలు.

డబ్బా అందింది. అందిన పూటే రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టే పిల్లల్ని పెరట్లోకి తరిమి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని డబ్బా తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను. నా వ్రతం ఎంత కఠినమో అమ్మవారు చూసే ఉంటుంది.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీశాడు. తరువాత ఒక్కొక్కటీ తిన్నాడు, ఒక్కటి మిగల్చలేదు. ఇక ఆయనన్న మాట: "మీ వదినకి రాయి, పచ్చకర్పూరం బాగా కుదిరింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆవిడ చేతి కొలత ఎప్పుడూ తప్పదు." అక్షరం మార్చలేదు.

వదినా, ఇక నువ్వు కోపం వదిలేసినట్టేగా? డబ్బా కడిగి ఉంచాను. ఆయన చేతికిచ్చి పంపమంటావా?

నీ నిశా

•

పొలసర
పుష్యం

చి. సౌ. నిశామణికి,

ఆ మండాల్లో నేను పచ్చకర్పూరం వెయ్యలేదు. ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు.

కర్పూరం డబ్బీ కొట్టు అలమరలో మూత కూడా తియ్యకుండా ఉంది. ఉన్న కర్పూరం తెలియకపోతే జలుబు చేసిందనుకోవచ్చు. లేని కర్పూరాన్ని ఎక్కువా లేదు తక్కువా లేదు అన్నాడంటే, మనిషికి ఏమీ తెలియడం లేదు, తెలుస్తున్నట్టు నటిస్తున్నాడు. పాడైన పాయసం సంగతి నువ్వు రాసినప్పుడే నాకు గుండెలో ముల్లు గుచ్చుకుంది. నీకు పెట్టకుండా డబ్బా పంపింది అందుకే. నువ్వు ఒక్కటి నోట్లో వేసుకున్నా "వదిన కర్పూరం మరిచిపోయింది" అని ఆయనకి చెప్పేసేదానివి. అమ్మవారి పేరు చెప్పి నిన్ను దూరం పెట్టినందుకు ఆవిడకి చెంపలు వేసుకున్నాను.

నీ ఒట్టు నువ్వు ఉంచుకో. మిగతాది నాకు నేనే కలిపి చూసుకున్నాను. పోయిన చైత్రంలో పాలక్యానులతో వంతెన దిగుతూ సైకిలు మీంచి పడ్డాడు. తల వెనక బొప్పి కట్టింది, నేను పసుపు వేశాను, తగ్గిందన్నాడు. ఆ తరువాతే పాకం రెండుసార్లు మాడ్చాడు. నేను పరధ్యానం అనుకున్నాను. పాలు నా దగ్గరకు తెచ్చి "ఇవి బాగున్నాయా" అని అడిగేవాడు. నేను "నీకు తెలీదా" అని విసుక్కునేదాన్ని. చివరికి ఊరందరి ముందు ఏ మాట అన్నానో నీకు తెలుసు. ఆ మాట తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

కానీ నిశా, నా కోపం పోలేదు. ముక్కు పోయినందుకు కాదు. ఇన్నేళ్ళు ఒకే పొయ్యికి అటూ ఇటూ కూర్చున్నాం. ఆ మాట నాతో అనకుండా ఊరు దాటి వచ్చి నీకు చెప్పాడు. అది తానే నాకు చెప్పాలి, తన నోటితో. నాకు తెలిసిపోయిందని మాత్రం నువ్వు చెప్పావో, నా మీద ఒట్టు.

వదిన

•

జట్నీ
దోల పున్నమి

వదినకి నమస్కారాలు.

అన్న ఒట్టు ఒకవైపు, వదిన ఒట్టు ఒకవైపు. మద్దెల బతుకయిపోయింది నాది. మీ ఇద్దరికీ తెలిసినదే, ఒకరికి తెలుసని ఒకరికి తెలియకుండా నేను కాపలా కాస్తున్నాను. మావారికి చెబితే పడీపడీ నవ్వారు.

నీకు తెలిసిపోయింది గనక ఒట్టు గట్టు మీద పెట్టి ఒక్కటి రాస్తాను. అన్నయ్య నాకు చెప్పలేదు వదినా. పట్టుబడ్డాడు. వచ్చిన మర్నాడు నేను స్నానానికి వెళుతూ పాలు చూస్తుండమన్నాను. వచ్చేసరికి పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ. ఆయన పొయ్యికి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాడు. నేను అరిస్తే తిరిగి చూసి, ఆ గిన్నె చూసి, పసివాడిలా ఏడ్చాడు. అప్పుడు బయటపడింది. కటక్ పెద్దాసుపత్రిలో కూడా చూపించాం. ముక్కు నరం దెబ్బతింది, ఇక రాదన్నారు.

నీకెందుకు చెప్పలేదని అడిగాను. "వాసన తెలియని మిఠాయివాడు ఎవడికి కావాలి? చెబుదామని నోటిదాకా వచ్చింది చాలాసార్లు. ఇంతలో ఆవిడే ఊరి ముందు అనేసింది" అన్నాడు. నీ మీద నేరం మోపుతూ కాదు, ఊరికే అన్నాడు.

ఇక అసలు సంగతి. మావారు స్టేషన్లో పార్సిళ్ళు దింపించే పని మాట్లాడారు. అన్నయ్య సరేనన్నాడు. ఈ ఏటి రథయాత్ర పండగ అయిపోగానే చేరాలి. చేరితే ఇక్కడే ఇల్లు చూసుకుంటానంటున్నాడు. కొట్టు నీ పేర రాసేస్తాడట. పట్టింపులు చాలు వదినా, పిలిచెయ్యి. ఒట్టు, పంతం అన్నీ నా నెత్తిన పెట్టు, నేను మోస్తాను.

నిశా

•

పొలసర
రజ పండగ, రెండో రోజు

చి. సౌ. నిశామణికి ఆశీస్సులు.

నీ ఉత్తరానికి బదులు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకునే ఉంటావు. ఏం రాయాలో తేలలేదు.

పట్టుబడ్డాడని రాశావు. నీ మీద ఉన్న కాస్త కోపం కూడా తీసేశాను. ఆయన మీద ఉన్నది అలాగే ఉంది, ఎందుకంటే పట్టుబడటం చెప్పడం కాదు. ఇప్పుడు "రా" అని రాస్తే వస్తాడు, నాకూ తెలుసు. వచ్చి కొట్టులో కూర్చుని వాసన వస్తున్నట్టు నటిస్తాడు. నేను నమ్ముతున్నట్టు నటిస్తాను. లేని కర్పూరాన్ని మెచ్చుకుంటూ ఆయన, ఆ మెప్పు వింటూ నేను, ఇద్దరం ముసలివాళ్ళం అవుతాం. నాకు అలాంటి కాపురం వద్దు. పార్సిళ్ళు మోసుకుంటానంటే మోసుకోనీ.

ఈ మూడు రోజులు భూదేవికి విశ్రాంతి, ఆడవాళ్ళకి విశ్రాంతి. పోడపిఠా ముందురోజే కాల్చి పెట్టి పొయ్యి ఆర్పేశాను. టికీని ఉయ్యాల ఊపాను, నేనూ ఊగాను. ఊగుతుంటే పండా వచ్చి "ఈ ఏడు స్వామికి రసగుల్లాలు మీ కొట్టు నుంచా, కృపాసింధు కొట్టు నుంచా" అని అడిగాడు. మా కొట్టు నుంచే అన్నాను. పగిలినా సరే, పులిసినవి మాత్రం కావని చెప్పాను. తలుపు వెనక నేనే ఉంటాను. ఆ సాయంత్రం మెట్ల మీదికి ఎవరు వస్తారో వాళ్ళిష్టం.

వదిన

•

జట్నీ
స్వామి తిరిగి గుడికెక్కే రోజు, పొద్దున్న

వదినకి,

అన్నయ్య ఇప్పుడే బస్సెక్కాడు. ఈ ఉత్తరం ఆయన వెనక వస్తుంది, నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

నీ ఒట్టు తప్పలేదు. నీకు తెలుసన్న సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు. నిన్న సాయంత్రం పార్సిల్ ఆఫీసు వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కుని చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండి, కుమార పున్నమినాడు టికీ అన్న మాట చెప్పేశాను. "ఎలాంటి మొగుడు కావాలే అంటే, చెప్పి వెళ్ళేవాడు అందట నీ కూతురు" అన్నాను. తట్టుకోలేడని ఇన్నాళ్ళు దాచిన మాట అది. "నిజంగా అందా" అని అడిగాడు. అందన్నాను. చొక్కా విప్పి మడతపెట్టాడు. పొద్దున లేచేసరికి చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు.

మావారు నన్నూ వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు. ఈసారి చెల్లెలు రథమెక్కదు.

ఏమైందో వెంటనే రాయి. ఇక్కడ నా ప్రాణం ప్రాణంలో లేదు.

నిశా

•

పొలసర
ఆషాఢ పౌర్ణమి

చి. సౌ. నిశామణికి మీ వదిన, మీ అన్నయ్య, టికీ రాసేది.

పేర్లు చూసి నీకు సగం అర్థమై ఉంటుంది. మిగతా సగం ఇదిగో.

ఆ సాయంత్రం అన్నగారూ చెల్లెలూ లోపలికి వచ్చాక తలుపు వేశాను. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. అటువైపు కలకలం. "ఆర్తత్రాణ వచ్చాడు, ఆర్తత్రాణ వచ్చాడు" అంటున్నారు. పండా గొంతు వినబడింది: "పోయినేడాది తిట్లు తిన్నవాడు వీడే. స్వామి తరఫున బదులు ఈ ఏడు వీడే చెప్పాలి, నన్ను కూర్చోనివ్వండి." అందరూ కలిసి ఆయన్ని ముందుకు తోశారు.

నేను ఎప్పటి మాటలే మొదలుపెట్టాను. గొంతు మాత్రం లక్ష్మిది కాదు, నాది.

"చెప్పకుండా పోయావు. ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"ఉన్న మొహమే" అన్నాడు. "ముక్కే లేదు."

జనం గొల్లుమన్నారు. పోయినేటి మాట తిప్పికొట్టాడని వాళ్ళ సంబరం.

"రసగుల్లాలు చేసి తెచ్చావా?"

"చెయ్యలేదు కుంతళా. చెయ్యలేను. వంతెన దగ్గర పడ్డాను చూడు, ఆ రోజు నుంచి నాకు ఏ వాసనా తెలియదు. పాలు పులిసినా తెలియదు, పాకం మాడినా తెలియదు. నీతో చెప్పడానికి భయమేసింది. నీ జడలో ఏ పువ్వుందో కూడా తెలియట్లేదు నాకు."

ఈలలు వేశారు నిశా. కృపాసింధు అయితే "భలే కట్టాడ్రా మాట, మన ఊళ్ళో ఇలాంటి స్వామిని ఇన్నాళ్ళు చూడలేదు" అని చప్పట్లు కొట్టాడు. ఊరందరికీ అది ఆట. అటు ఆయనకి, ఇటు నాకు తెలుసు అది ఆట కాదని. నా పక్కనున్న ఆడవాళ్ళు బదులు చెప్పమని మోచేత్తో పొడుస్తున్నారు. లక్ష్మి అలగాలి గాని ఏడవకూడదు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే గడియ తీసేశాను.

పండా గోలపెట్టాడు, "రసగుల్లాలు పెట్టకుండానే తలుపు తీసిందేమిటి, ఇదెక్కడి లక్ష్మి" అని. మళ్ళీ మూసి, నేను చేసిన రసగుల్లాల కుండ పెట్టించి, మళ్ళీ తీయించారు. ఈ ఏడు లక్ష్మి తొందరపడిందని ఊరు ఇంకా నవ్వుకుంటోంది. నవ్వుకోనీ.

ఇంటికి వచ్చాక ఆయనకి పచ్చకర్పూరం గురించి నేనే చెప్పాను. ముందు తెల్లబోయాడు, తరువాత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. "మరి నాలుకకి బాగానే తగిలిందే" అంటాడు. ఎంత అబద్ధాలకోరో నీ అన్న. ముక్కు గురించి నేనన్న మాటకి నేను క్షమించమన్నాను, చెప్పకుండా పోయినందుకు ఆయన అన్నాడు. టికీ పక్కన నిలబడి ఇద్దరివీ వింది.

నిన్న పొద్దున ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం. పాలూ ఛెనా పాకం వాసన చూసేది నేను. పిసికేది, ఉండ చేసేది ఆయన. ఒక్కటీ పగల్లేదు. ఎర్రగా కాగి, మెత్తగా, మామగారి చేతివిలా తేలాయి. వచ్చే ఆదివారం మాస్టారు అటు వస్తున్నారు, ఒక కుండ పంపుతాను. ఇది లక్ష్మివారం ప్రసాదం కాదు, నువ్వూ పిల్లలూ మీవారు గదాధర్ బాబూ కడుపునిండా తినండి. ఆ ఖాకీ చొక్కా మాత్రం ఆఫీసువాళ్ళకి తిరిగిచ్చెయ్యి.

మొదటి వాయి దించాక ఒకటి ఆకులో పెట్టి ఆయనకిచ్చాను. "ఎలా ఉంది" అన్నాను. అలవాటు చొప్పున "బాగా కుది" అనబోయి ఆగిపోయాడు. నమిలి, మింగి, నా వైపు చూసి, "తియ్యగా ఉంది కుంతళా. అంతవరకే తెలుస్తోంది" అన్నాడు.

పక్కన కూర్చుని మిగతాది నేను చెప్పాను.

నీ వదిన